పింజరి పక్కన కునుకు

కునుకు 286

మధ్యాహ్నం పడుకోవడమే ఉద్యోగమైన మనిషి ఈ దిబ్బ మీద నేనొక్కదాన్నే. చిన్నప్పుడు పగటినిద్ర పోయినందుకు మా అమ్మ చేతిలో తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. ఇప్పుడు బతికుంటే నా ఉద్యోగం పేరు బయట చెప్పుకోలేక చచ్చేది.

పని ఇదీ. అన్నం తిని విషశాలలో పదిహేడో కుండ పక్కన చాప పరుచుకుంటాను. మణికట్టుకు జోడుపట్టీ కట్టుకుంటాను. దాని జత, వెంట్రుకంత సన్నని ఉంగరం, కుండలో ఉన్న రక్తపింజరి తోకకు ఉంటుంది. కళ్లు మూసుకున్న కాసేపటికి దాని ఒంట్లో జరిగేది నా ఒంట్లోకి వస్తుంది. లేచి ఈ ఏటి పుస్తకంలో రాస్తాను. సాయంత్రం పాములు చూసుకునే చెంచయ్య మామకు చదివి వినిపిస్తాను. ఆయనకు చదువు రాదు. నేను సంతకం పెడితే ఆయన వేలిముద్ర వేస్తాడు. రెండూ లేకపోతే ఆ రోజు కునుకు చెల్లదు.

ఈరోజు వచ్చింది: ఎడమవైపు ఎండ. కిటికీ అటే ఉంది. నాలో సగానికి ఎండ తెలిసింది, సగానికి మట్టికుండ చల్లదనం తెలిసింది. మధ్యలో మస్తానమ్మ అనే మనిషి ఎవరూ లేరు. ఎంత హాయిగా ఉందో రాయడం నాకు చేతకాదు.

పొద్దున పడవలో రెండు కోళ్లు బల్ల మీద కూర్చుంటే నేను నిలబడి వచ్చాను. మనసున్న జాతే అని బోర్డు మనసుముద్ర వేసినప్పటినుంచి కోళ్లకు మహా పొగరు. గేదెలు నయం, అడిగితే జరుగుతాయి. దోమల సంగతి బోర్డు ఇంకా ఎత్తుకోలేదు. ఎత్తుకున్న రోజు నేను రాజీనామా చేస్తాను.

కునుకు 288

పదిహేడో కుండ అని రాయడం బోర్డు కోసం. ఇక్కడ దాని పేరు అమ్మణ్ణి. తొమ్మిదేళ్ల కిందట తుమ్మకంపలో వేలెడు పిల్లగా దొరికితే మామ తలగుడ్డలో పెట్టుకుని తెచ్చాడు. ఆయనకు అరవై దాటాయి. పాతికేళ్ల వయసులో ఏదో పింజరి కరిచి బతికాడు కానీ ఎడమకాలు ఈడుస్తాడు. పిల్లల్లేరు కదా అని ఎవరన్నా జాలిపడితే, "ఎందుకు లేరు? కుండలో ఉండాదిగా" అంటాడు.

వారానికోసారి విషం తీస్తాడు. ఆయన పద్ధతి ఇంకెక్కడా చూడలేదు. మిగతా విషశాలల్లో మూత తీసి పట్టేయడమే. మామ మాత్రం గుమ్మం దగ్గర ఆగి, కుడి మడమతో నేలను మెల్లగా మూడుసార్లు తడతాడు. "వస్తాండానమ్మా" అంటాడు. పాముకు మన మాదిరి చెవులు లేకపోయినా నేల అదురు పొట్టకు తెలుస్తుంది. చెప్పాపెట్టకుండా మీదపడితే ఉలిక్కిపడుతుందని ఈ మర్యాద. ఎవరైనా తట్టకుండా లోపలికి పోయారో, వాళ్లతో నాలుగు రోజులు మాట్లాడడు. నేను మాత్రం నేల అదరకుండా పిల్లిలా పోవాలి. అది నా ఉద్యోగధర్మం.

ఆయన తట్టగానే అమ్మణ్ణి కదలదు. ఊపిరి తీస్తోందా లేదా అని చూడాల్సి వస్తుంది. మామ దాన్ని ఎత్తి, గాజు గ్లాసుకు కట్టిన పలచని తోలు మీద కోరలు ఆనిస్తాడు. పసుపుపచ్చని చుక్కలు నాలుగు జారతాయి. మళ్లీ కుండలో పెడతాడు.

"మొదటేడు కుక్కరు మాదిరి బుసకొట్టేది. ఇప్పుడు చూడు, ఎంత బుద్ధిమంతురాలో" అని నాకు చూపిస్తాడు.

నేను పుస్తకంలో 'తీరు: శాంతం' అని రాస్తాను. మూడేళ్లుగా అదే రాస్తున్నాను.

కునుకు 291

బోర్డు నుంచి ప్రసూన గారు వచ్చారు. చిన్న వయసే, పెద్ద సంచి. ఈ నెలాఖరుకు పింజరి జాతి సంగతి తేల్చాలట. మూడు గళ్లున్న కాగితం నా చేతిలో పెట్టారు. ఏదో ఒక గడిలో గుర్తు పెట్టాలి.

మొదటి గడి 'ఏమీ లేదు'. అంటే పాము లోపల ఎవరూ లేరు, అదొక వస్తువు. అలా తేలితే అమ్మణ్ణిని బిగింపుగొట్టంలో పెడతారు. బొమ్మ చూపించారు. పాము ఎంత లావో అంతే లావున్న గాజుగొట్టం, కోరల కింద ఎప్పటికీ తీయని సన్నగొట్టాలు. అందులో ఇరవై ఏళ్లు బతుకుతుందట. అటూ ఇటూ కదలదు. కదలాల్సిన అవసరమే ఉండదు కదండీ, అన్నారు ప్రసూన గారు. ఆమె కూడా ఆ మాట కాగితంలో చూసే చెప్పారు.

రెండో గడి 'ఇష్టం'. సాకిన మనిషి మీద ఇష్టం ఉందని తేలితే, ఇష్టపడే పనిచేస్తోందని అర్థం. ఇప్పుడున్నట్టే ఉండిపోవచ్చు.

మూడోది 'భయం'. ఆ జాతిని ఇక బంధించకూడదు. విషం కావాలంటే కంపల్లో పట్టి, ఒక్కసారి తీసుకుని, అక్కడే వదలాలి. పాముకాటు మందు ఇప్పుడు తొట్లలోనే పెరుగుతోంది, పాలకు తోడు మాదిరి కాస్త విషం పడితే చాలు. కాబట్టి మందు ఆగదు, పని కష్టమవుతుంది. ఇంకొకటి, భయపెట్టిన మనిషి మళ్లీ జన్మలో ఆ జాతిని తాకకూడదు.

"మీకు ఏమనిపిస్తోంది మస్తానమ్మ గారూ?" అని అడిగారు.

"నిద్రొస్తోందండీ" అన్నాను. నిజంగానే వస్తోంది.

ఈరోజు కునుకులో ఎండ, మట్టి, అంతే. ఒక్క మాట కూడా లేదు. అమ్మణ్ణి ఎలుకను ముట్టి రెండు నెలలైంది. మామ వాతావరణాన్ని తిడుతున్నాడు.

కునుకు 295

ఇన్నాళ్లూ నేను లేచి పట్టీ విప్పాకే మామ విషం తీసేవాడు. ఈరోజు నాకు మెలకువ రాకముందే వచ్చాడు.

ఎండలో ఉన్నాను. నేల ఒకసారి అదిరింది. రెండోసారి. మూడోసారి. ఆ తర్వాత ఒక బరువైన అడుగు, వెంటనే ఈడ్చుకొచ్చే అడుగు. నా ఒళ్లంతా ఒక్కచోటికి చేరింది. పక్కటెముకలు దగ్గరకొచ్చాయి. ఎండ ఏమైందో తెలియదు. ప్రపంచంలో ఆ అడుగు తప్ప ఏదీ మిగల్లేదు. కళ్లు తెరిచి చూస్తే నా పిడికిళ్లు రెండూ బిగుసుకుని ఉన్నాయి.

ఇదేమిటి? చాలాసేపు ఆలోచించాను. రావలసిన మనిషి కోసం గుమ్మంలో నిలబడినప్పుడు మనకూ ఇలాగే ఉంటుంది కదా! ఒళ్లంతా చెవులై, ఇంకో ధ్యాస లేకుండా. 'ఎదురుచూపు' అని రాశాను. రాస్తున్నప్పుడు ఆ గాజుగొట్టం బొమ్మ నా కళ్లముందు ఉన్న మాట నిజం.

సాయంత్రం చదివి వినిపించాను.

"ఇంకోసారి చదువమ్మా" అన్నాడు మామ. చదివాను. "నా అడుగేనా? ఈడ్చే కాలు కూడా తెలిసిందా దానికి?"

"తెలిసింది మామా. నీ అడుగు తప్ప ఇంకేం లేదు అందులో."

వేలిముద్ర వేయబోయి, తొందరలో పేజీ అంతా సిరా పూసేశాడు. ఆయనలో ఇంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

కునుకు 296

పడవలో ఎక్కిన ప్రతివాళ్లకూ చెప్పాడు. కోళ్లక్కూడా చెప్పాడు. "తొమ్మిదేండ్లు సాకినందుకు అది నన్ను గుర్తుపెట్టుకున్నాదబ్బా" అని. ప్రసూన గారికి కబురు పెట్టాను, రెండో గడి కావచ్చని.

అమ్మణ్ణి ఇంకా తినలేదు.

కునుకు 299

మామకు జ్వరం. అవతలి దిబ్బ మీద చెల్లెలింట్లో పడుకున్నాడు. తగ్గేదాకా విషం తీయడం ఆపమని బోర్డే చెప్పింది. కుండల్లో నీళ్లు నేను పెడుతున్నాను.

కునుకు 303

అయిదు రోజులుగా నేల అదరలేదు. ఈరోజు పొద్దున మూత తీస్తే నిన్న వేసిన ఎలుక లేదు. కుండ అడుగున కుబుసం, తలనుంచి తోకదాకా ఎక్కడా చిరగకుండా ఒక్కముక్కగా ఉంది. గట్టిగా అరవబోయి నోరు మూసుకున్నాను.

మధ్యాహ్నం పడుకున్నాను. మూడేళ్లలో ఇలాంటి కునుకు రాలేదు.

గడ్డి. ఎటు చూసినా గడ్డి. ఒక్కో పరకా తాటిచెట్టంత. నేను వాటి మధ్య జారుతున్నాను, నాకు బరువే లేదు. నాలుక బయటపెడితే వాన వాసన, ఇంకా పడని వాన. ఎక్కడో తడిమట్టి, ఎక్కడో చిన్న ప్రాణం వెచ్చదనం. ఒక చుక్క నా మీద పడింది. అది నాకంటే లావుగా ఉంది. ఆగి, ఆ నీటిలోంచి వెలుతురును చూశాను. ఎక్కడికీ పోవాల్సిన పని లేదు, ఎవరూ రారు. అలా ఎంతసేపున్నానో తెలియదు. లేచేసరికి పొద్దు వాలింది, చాప అచ్చు నా చెంప మీద పడింది.

ఆ తర్వాత చాలాసేపు కుండవైపు చూస్తూ కూర్చున్నాను. నాలుగడుగుల పింజరికి గడ్డిపరక తాటిచెట్టంత కనబడదు. వాన చుక్క దానికంటే లావుండదు. ఆ గడ్డి ఇప్పటిది కాదు. మామ తలగుడ్డలోకి రాకముందు, వేలెడు ఉన్నప్పటిది. నేను దాని కలలోకి పోయాను. అమ్మణ్ణి కూడా మధ్యాహ్నం పడుకుని కల కంటోంది!

లోపల ఎవరో ఉన్నారు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో అడక్కండి.

కునుకు 306

మామ తిరిగొచ్చాడు. చిక్కిపోయాడు. నేను చాప మీద ఉండగానే ఆయన గొంతు వినపడింది, పడవవాడితో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నాకు మళ్లీ మగత కమ్మింది. గడ్డిలోకి పోయాను.

నేల మూడుసార్లు అదిరింది.

గడ్డి పోయింది. వాన వాసన పోయింది. పక్కటెముకలు దగ్గరకొచ్చాయి, పోయినసారి మాదిరే. ఈసారి నాకు తేడా తెలిసింది, ఎందుకంటే అంతకు క్షణం ముందు అది ఎలా ఉందో చూశాను. ఎదురుచూసేటప్పుడు మనిషి ముందుకు వంగుతాడు. ఇది లోపలికి, ఇంకా లోపలికి ముడుచుకుపోవడం. కదిలితే కనబడతాను, కదలకపోతే ఒకవేళ దాటిపోతుందేమో, అనే తీరు. బరువైన అడుగు. ఈడ్చే అడుగు. అది దాటిపోదు. ఎప్పుడూ దాటిపోలేదు.

లేచి బయటికి పరిగెత్తి, మెట్ల దగ్గర వాంతి చేసుకున్నాను.

మామ నా వీపు రాస్తూ, "ఏందమ్మా, నా జరం నీకంటుకున్నాదా?" అన్నాడు.

మొదటేడు బుసకొట్టి చూసింది, ఆయన ఆపలేదు. అందుకని బుసకొట్టడం మానేసింది. చెప్పకుండా పట్టుకునే చోట పాములకు ఆ పట్టుకున్న క్షణమే భయం. మా మామ మర్యాదస్థుడు కాబట్టి ముందుగా చెప్పి వచ్చాడు, ఆ చెప్పడమే దానికి అన్నిటికంటే పెద్ద భయమైంది. నేను పక్కనే కూర్చుని శాంతం, శాంతం, శాంతం అని రాశాను. మూడేళ్లు.

ఇదంతా రాశాను. సాయంత్రం ఆయనకు చదవాల్సి వచ్చినప్పుడు మాత్రం నోరు రాలేదు. "ఎండ, మట్టి, నీ అడుగు. నువ్వొచ్చావని తెలిసింది మామా" అని చెప్పేశాను. ఆయన వేలిముద్ర వేసి పోయాడు. కింద ఉన్న ఆ ముద్ర చూస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

కునుకు 307

కునుకు పడలేదు. రెండో గడిలో గుర్తు పెడితే ఏం పోయిందని పొద్దున్నుంచీ నాకు నేనే చెప్పుకుంటున్నాను. ముసలాయన మనసు నిలబడుతుంది. అమ్మణ్ణికి గొట్టం తప్పుతుంది. ఎవరికీ తెలియదు. తెలిసేది దానికొక్కదానికే, అది వచ్చి బోర్డుకు చెప్పలేదు.

సాయంత్రం మళ్లీ అబద్ధం చదివాను. మామ వేలిముద్ర వేయలేదు.

"అమ్మా, నాకు అచ్చరాలు రావు. నీ చదువు మాత్రం మూడేండ్లుగా చూస్తాండా. నువ్వు వేలు కిందబెట్టి చదువుతావు. నిన్నా ఇయ్యాలా నీ వేలు కదల్లా."

పుస్తకం మూయబోయాను.

"ఏముండాదో చదువు."

చదివాను. వేలు పెట్టి, ఒక్క మాట వదలకుండా. ఆయన మధ్యలో ఆపలేదు. అయిపోయాక తన కాళ్లకేసి చూసుకున్నాడు.

"నువ్వు నిద్దర్లో ఏదో అనుకునుంటావు" అన్నాడు చివరికి. కోపం లేదు, బతిమాలుతున్నట్టు అన్నాడు.

"అయ్యుండొచ్చు మామా."

"ఆ పట్టీ నాకు కట్టు రేపు."

సాకేవాళ్లు పట్టీ కట్టుకోకూడదని నియమం. సరే అన్నాను.

కునుకు 308 (చెంచయ్య మామది)

చాప మీద ఆయన పడుకున్నాడు. నిద్ర పట్టడానికి చాలాసేపు పట్టింది. మొహంలో ముడతలు ఒక్కొక్కటే సర్దుకున్నాయి. పెదవులు కాస్త విచ్చుకున్నాయి. ఎండలో ఉన్నాడని నాకు అర్థమైంది. కొంచెంసేపు అలాగే ఉండనిచ్చాను. ఆ కొంచెంసేపూ ఆయనకు దక్కాలనిపించింది.

ఆయన చెప్పిపెట్టినట్టే నేను గుమ్మం దగ్గరికి పోయాను. కుడి మడమతో మూడుసార్లు తట్టాను. ఒక కాలు బరువుగా వేసి, రెండోది ఈడ్చాను. ఆయన నడక నాకు బాగానే వచ్చు, వెనకాల ఎన్నిసార్లు వెక్కిరించి నవ్వించానో.

రెండో అడుగుకే ఆయన మోకాళ్లు పొట్టలోకి వచ్చాయి. చేతులు రెండూ తల మీదికి పోయాయి. మూడో అడుగు నేను వేయలేకపోయాను.

కళ్లు తెరిచి, పట్టీ విప్పి, దాన్ని నేలమీద శబ్దం కాకుండా పెట్టాడు.

"నేనొస్తే ఇట్టుంటాదా?" అన్నాడు.

నేను పోయి ఆయన పక్కన చాప మీద కూర్చున్నాను.

"తొమ్మిదేండ్లు. వారం వారం. తట్టి మరీ." చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అమ్మణ్ణి కుండలో కదలకుండా ఉంది. ఏడుపు అదురు కూడా దానికి తెలుస్తుందని గుర్తొచ్చి, ఆయన్ని బయటికి తీసుకొచ్చాను.

కునుకు 309

పడుకోలేదు. ప్రసూన గారు వచ్చారు. రెండో గడిలో గుర్తు సిద్ధంగా ఉంటుందనుకుని దండ కూడా తెచ్చారు, ఇష్టపడి పనిచేసే జంతువులకు వేసేది. మామ కాగితం తీసుకుని, ఎన్నో గడో నన్ను అడిగి, మూడో దాంట్లో వేలిముద్ర వేశాడు.

ప్రసూన గారు ఆ ముద్ర చూసుకున్నారు. "పెద్దాయనా, ఇది రుజువు కాదు, అనుమానమే కదా. పాముకు మనసుందో లేదో ఆ పట్టీ కూడా పూర్తిగా చెప్పలేదు. ఆలోచించుకోండి. మీరు మళ్లీ దాన్ని తాకలేరు."

"మనసంటే ఏందో నాకు తెల్దమ్మా. భయమంటే తెలుసు. నన్ను పింజరి కరిచినప్పుడు తెలిసింది. నిన్న చాప మీద పడుకున్నప్పుడు ఇంకా బాగా తెలిసింది. రెండూ ఒకటే."

ఆమె దండను సంచిలో పెట్టేసుకున్నారు. పట్టీ ఆయన ఎలా కట్టుకున్నాడని అడగలేదు. అందుకు ఆమె మీద నాకు గౌరవం పెరిగింది.

కునుకు లేదు

ఈరోజు అమ్మణ్ణిని వదిలాం. ఉత్తరపు దిబ్బ మీద తుమ్మకంప, గడ్డి, ఎలుకబొరియలు ఉన్నాయి. మనుషులు కాపురాలు ఎత్తేసి పదేళ్లయింది. కుండ నేనే మోశాను. తాకకూడదన్నారు కానీ చూడకూడదనలేదు కదా అని మామ పడవలో వచ్చాడు. నేను దిగాను, ఆయన దిగలేదు.

"నేలమీద నా కాలు పడితే తెలిసిపోతాదమ్మా. నువ్వు పో."

పడవ ముక్కు ఒడ్డు ఇసుకకు ఆని ఉంది. అది చూసుకుని, ఆ అదురు కూడా పోకూడదని, రెండు కాళ్లూ పైకి తీసుకుని బల్ల మీద బాసింపట్టు వేసుకున్నాడు. ఎడమకాలు మడతపడదు. చేత్తో పట్టుకుని మడిచాడు.

కుండను పక్కకు వంచి దూరం జరిగాను. పట్టీ కట్టుకుని ఇసుకలో కూర్చుని కళ్లు మూసుకున్నాను. తోక ఉంగరం బిగువును బోర్డువాళ్లు వదులు చేశారు, ఈసారి కుబుసంతో ఊడిపోతుంది, అప్పటిదాకా వంద అడుగుల వరకూ అందుతుంది.

చాలాసేపు ఏమీ లేదు. వింటోంది. నేల ఊరుకుంది. ఇంకా వింటోంది. నేల ఊరుకునే ఉంది. ఆ తర్వాత పొట్ట కింద మట్టి అంచు, దాని తర్వాత వేడి ఇసుక. నాలుక మీద ఉప్పుగాలి, గడ్డి, ఎలుక, ఇంకేవో పేర్లు లేనివి. ఒళ్లు ఒక్కో వంపే వదులైంది. అందులో మా కోసం వెతికాను. కోపంగానైనా, గుర్తుగానైనా, ఎక్కడైనా ఉంటామేమోనని. మేము లేము. వెళ్లేముందు వెనక్కి చూసిందని రాయాలని నాకు చాలా ఉంది. చూడలేదు.

పట్టీలో చివరగా వచ్చింది గడ్డి నీడ. తర్వాత నా మణికట్టు నాదిగా మిగిలింది.

కళ్లు తెరిచాను. పడవలో మామ అలాగే కూర్చుని ఉన్నాడు. ఎడమ మోకాలు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు, నొప్పికి మొహమంతా చెమట.

"పొయ్యిందా?" అన్నాడు, గొంతు బయటికి రానీయకుండా.

"పోయింది మామా."

"కాలు దించచ్చా?"

గడ్డివైపు చూశాను. ఒక పరక ఇంకా ఊగుతోంది.

"ఇంకొంచెం ఆగు మామా" అన్నాను. ఆయన ఆగాడు.